పార్ట్‌నర్ కోర్టు ఉత్తర్వు మీరితే: ఇంజంక్షన్ రాత నుంచి ధిక్కరణ విచారణ దాకా

భాగస్తుల తగాదాల్లో ధిక్కరణ పిటిషన్లు వీగిపోవడానికి మామూలుగా రెండే కారణాలు. ఏం చేయకూడదో ఉత్తర్వులో తేటగా లేకపోవడం ఒకటి. ఆ ఉత్తర్వు అవతలివాడికి ఫలానా రోజున తెలిసిందని చూపే కాగితం లేకపోవడం రెండోది. ఈ రెండూ ఉల్లంఘన జరగకముందే చక్కబెట్టుకోవాల్సినవి. అందుకే ఈ మార్గదర్శి ఇంజంక్షన్ (ఫలానా పని చేయొద్దని ఆపే కోర్టు ఉత్తర్వు) అడిగే రోజు దగ్గరే మొదలవుతుంది.

చెప్పేది గాల్లో ఉండకుండా ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. గుంటూరు దగ్గర ముగ్గురు భాగస్తులు కలిసి నడిపే మిర్చి కోల్డ్ స్టోరేజీ. మేనేజింగ్ పార్ట్‌నర్ లెక్కలు చూపడం మానేశాడు. రైతులు కట్టే అద్దె డబ్బు సంస్థ ఖాతాలోకి రావడం తగ్గింది. గేటు దగ్గర కొత్త క్యూఆర్ కోడ్ వెలిసింది. మిగతా ఇద్దరూ సంస్థ రద్దుకూ లెక్కలకూ దావా వేసి, తాత్కాలిక ఇంజంక్షన్ తెచ్చుకున్నారు. అయినా డబ్బు పక్కదారి పడుతూనే ఉంది.

1. మీ చేతిలో ఉన్న ఉత్తర్వు ఏ రకానిది?

ఎక్కడికి వెళ్లాలన్నది దీన్నిబట్టే తేలుతుంది. తప్పు తలుపు తడితే పిటిషన్ వెనక్కి రావడమే కాదు, నెలలు కరిగిపోతాయి.

దావా నడుస్తుండగా కింది కోర్టు సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 39 రూల్ 1, 2 కింద ఇచ్చిన తాత్కాలిక ఇంజంక్షన్ అయితే, అదే కోర్టులో ఆర్డర్ 39 రూల్ 2ఏ కింద పిటిషన్ వేయాలి. దావా వేరే కోర్టుకు బదిలీ అయి ఉంటే ఆ కోర్టులో వేయాలి. కమర్షియల్ కోర్టు ఇచ్చిన ఇంజంక్షన్‌కూ ఇదే దారి. ఇలాంటి ఉల్లంఘనకు నేరుగా హైకోర్టుకు పోయి ధిక్కరణ కేసు వేస్తే, 2ఏ దారి ఉండగా ఇక్కడికెందుకు వచ్చారని అడుగుతారు.

దావా ముగిసి శాశ్వత ఇంజంక్షన్ డిక్రీ (దావాలో తుది ఉత్తర్వు) వచ్చాక జరిగిన ఉల్లంఘనకు 2ఏ పనికిరాదు. ఆర్డర్ 21 రూల్ 32 కింద ఎగ్జిక్యూషన్ పిటిషన్, అంటే డిక్రీని అమలు చేయించమనే పిటిషన్, వేయాలి. కన్వర్ సింగ్ సైనీ కేసులో 2011లో సుప్రీంకోర్టు ఈ తేడాను విడమరిచి చెప్పింది.

ఉత్తర్వు ఇచ్చింది హైకోర్టే అయితే, అంటే సివిల్ మిసలేనియస్ అప్పీల్ (సీఎంఏ)లోనో రివిజన్‌లోనో వచ్చినదైతే, ధిక్కరణ కేసు కూడా హైకోర్టులోనే. రాజ్యాంగం 215వ అధికరణం, 1971 నాటి కోర్టు ధిక్కరణ చట్టం దానికి ఆధారం.

కింది కోర్టుకు ఇచ్చిన హామీని మీరినప్పుడు ఆ చట్టంలోని సెక్షన్ 2(బి), సెక్షన్ 10 కింద హైకోర్టుకు వెళ్లవచ్చు. 'కేసు తేలేదాకా మెషినరీ అమ్మను' అని మెమో దాఖలు చేసి అమ్మేయడం ఇలాంటిదే. ఇక్కడొక మెలిక ఉంది. రాజీ ఉత్తర్వులో ఇరుపక్షాలూ ఒప్పుకున్నంత మాత్రాన అది కోర్టుకు ఇచ్చిన హామీ అయిపోదని 1979లో బాబూరామ్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు అన్నది. 2006లో రమా నారంగ్ కేసులో, అదీ కుటుంబ వ్యాపార వివాదమే, డిక్రీని ఎగ్జిక్యూషన్‌లో అమలు చేయించుకునే వీలుందన్న ఒక్క కారణంతో ధిక్కరణ అధికారం పోదని చెప్పింది. రాజీ రాసుకునేటప్పుడే 'ఈ షరతు పాటిస్తానని కోర్టుకు హామీ ఇస్తున్నాను' అన్న వాక్యం పెట్టించి, దాన్ని కోర్టు చేత నమోదు చేయించుకుంటే ఈ చర్చ మొత్తం తప్పుతుంది.

పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లో ఆర్బిట్రేషన్ క్లాజు (తగాదాను కోర్టు బయట ఆర్బిట్రేటర్ చేత తేల్చుకోవాలన్న షరతు) ఉండి, ఆర్బిట్రేటర్ ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 17 కింద ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు అయితే, సెక్షన్ 17(2) ప్రకారం దాన్ని కోర్టు ఉత్తర్వులాగే అమలు చేయించుకోవచ్చు. ఆర్బిట్రేటర్ నివేదన మీద కోర్టు సెక్షన్ 27(5) కింద శిక్షించవచ్చని అల్కా చందేవార్ కేసులో 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. సెక్షన్ 9 కింద కోర్టు నుంచే ఇంజంక్షన్ తెచ్చుకున్నవారు 90 రోజుల్లోగా ఆర్బిట్రేషన్ మొదలుపెట్టాలి. ఈ గడువు మరిచిపోతే ఉత్తర్వే నిలవదన్న వాదన అవతలివాళ్లకు దొరుకుతుంది.

డబ్బు కట్టమన్న డిక్రీని కట్టకపోతే అది ఎగ్జిక్యూషన్ సంగతి, ధిక్కరణ కాదు. మీది భాగస్వామ్య సంస్థ కాక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయి, ఉత్తర్వు నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ)దైతే, కంపెనీల చట్టం సెక్షన్ 425 కింద ఆ ట్రిబ్యునల్‌కే ధిక్కరణ అధికారం ఉంది.

2. ఇంజంక్షన్‌ను ఉల్లంఘన కళ్లకు కట్టేలా రాయించుకోండి

అసలు పని ఇక్కడే ఉంది. చాలామంది 'యథాతథ స్థితి కొనసాగించాలి' అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టుకుంటారు. కోల్డ్ స్టోరేజీలో యథాతథ స్థితి అంటే ఏమిటి? పాత పద్ధతిలో మేనేజింగ్ పార్ట్‌నర్ ఒక్కడే చెక్కుల మీద సంతకం పెట్టడమా, ఎవరూ పెట్టకపోవడమా? కొత్త సీజన్ సరుకు దించుకోవచ్చా? రేపు ధిక్కరణ విచారణలో అతను 'నేను అదే స్థితి కొనసాగించాను' అంటాడు. ఉత్తర్వుకు రెండు అర్థాలు వచ్చినప్పుడు ఆ సందేహం ముద్దాయికే లాభం. ధిక్కరణ వినే కోర్టు ఉత్తర్వు నాలుగు అంచులు దాటి వెళ్లదని 2014లో సుధీర్ వాసుదేవ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఉత్తర్వులో లేనిదాన్ని ఆ దశలో చేర్పించుకోలేరు.

కాబట్టి పిటిషన్‌లోని ప్రార్థన, అంటే కోర్టును ఏం కోరుతున్నారో చెప్పే భాగం, ఇలా ఉండాలి. 'సంస్థ పేరున ఫలానా బ్యాంకు, ఫలానా శాఖలో ఉన్న, ఈ అంకెలతో ముగిసే కరెంట్ ఖాతా తప్ప మరే ఖాతాలోకీ, క్యూఆర్ కోడ్‌లోకీ నిల్వ అద్దె గానీ సంస్థకు రావాల్సిన మరే సొమ్ము గానీ వసూలు చేయరాదు. 25 వేల రూపాయలు దాటిన ప్రతి చెల్లింపుకూ ఇద్దరు భాగస్తుల సంతకాలు ఉండాలి. షెడ్యూలులోని కంప్రెసర్లు, జనరేటర్, కాటా, స్థలం అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు. ప్రతి నెలా 10వ తేదీలోగా టాలీ డేటా బ్యాకప్, బ్యాంకు స్టేట్‌మెంట్, గేటు రిజిస్టరు నకలు వాదులకు ఇవ్వాలి. ఈ నిషేధం ప్రతివాదికీ, అతని ఏజెంట్లకూ, ఉద్యోగులకూ, అతని తరఫున పనిచేసే ఎవరికైనా వర్తిస్తుంది.' 25 వేలు అన్నది ఉదాహరణే. మీ వ్యాపారంలో రోజువారీ ఖర్చు ఆగకుండా ఉండే అంకె పెట్టండి. కరెంటు బిల్లుకు కూడా ఇద్దరి సంతకం కావాలంటే సరుకు పాడవుతుంది, ఆ నెపం మీ మీదే పడుతుంది.

నెలవారీ లెక్కల షరతు తప్పక అడగండి. రహస్యంగా జరిగే మళ్లింపును పట్టుకోవడం కష్టం. 10వ తేదీ దాటినా లెక్క రాకపోవడం మాత్రం ఎవరికైనా కనబడే ఉల్లంఘన. లెక్కల పుస్తకాలు చూసే, నకలు తీసుకునే హక్కు 1932 నాటి భాగస్వామ్య చట్టం సెక్షన్ 12(డి) మీకు ఎలాగూ ఇస్తోంది. దాన్నే కోర్టు ఉత్తర్వుగా మార్చుకుంటున్నారు.

ఇదంతా నిలవాలంటే దావా పునాది గట్టిగా ఉండాలి. రిజిస్టర్ కాని సంస్థ భాగస్తులు దావా వేయడానికి అదే చట్టం సెక్షన్ 69 అడ్డం వస్తుంది. సంస్థ రద్దు కోసం, రద్దయిన సంస్థ లెక్కల కోసం వేసే దావాలకు మాత్రం సెక్షన్ 69(3) మినహాయింపు ఇస్తుంది. వివాదం విలువ 3 లక్షలు దాటితే అది కమర్షియల్ కోర్టు పరిధి. అక్కడ అత్యవసర ఉపశమనం అడగకపోతే దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి.

3. ఉత్తర్వు అందించడం: ఆ వారంలో చేయాల్సినవి

అవతలి పక్షం వినకుండానే ఉత్తర్వు వస్తే ఆర్డర్ 39 రూల్ 3 షరతు వెంటనే పాటించాలి. పిటిషన్, అఫిడవిట్, దావా అర్జీ, దాఖలు చేసిన పత్రాల నకళ్లు ప్రతివాదికి పంపి, పంపినట్టు అదే రోజు గానీ మర్నాడు గానీ కోర్టులో అఫిడవిట్ వేయాలి. ఇది ఎగ్గొడితే ఇంజంక్షన్‌ను ఎత్తేయమని అడగడానికి అతనికి మంచి అవకాశం ఇచ్చినవాళ్లవుతారు.

సర్టిఫైడ్ కాపీకి ఆ రోజే కాపీ అప్లికేషన్ పెట్టండి. కోర్టు అమీను ద్వారా సర్వీస్ ఒకటి, అక్నాలెడ్జ్‌మెంట్‌తో పోస్టు ఒకటి, ఈమెయిల్, వాట్సాప్‌లో పీడీఎఫ్ ఒకటి, ఇలా కనీసం మూడు దారుల్లో పంపండి. అధికారికంగా చేతికి అందకపోయినా, ఉత్తర్వు సంగతి తెలిసి మీరితే ధిక్కరణే. కానీ 'తెలుసు' అని రుజువు చేయాల్సింది మీరు. అతని వకీలు కోర్టులో ఉండగా ఉత్తర్వు వెలువడితే డాకెట్‌లో (కోర్టు రోజువారీ నమోదులో) ఆ హాజరు నమోదై ఉంటుంది, దాని నకలు బలమైన రుజువు.

బ్యాంకు మేనేజరు, సంస్థ ఆడిటరు, జీఎస్టీ రిటర్నులు వేసే కన్సల్టెంటు, ఈ ముగ్గురికీ ఉత్తర్వు నకలుతో లేఖ ఇచ్చి, రెండో ప్రతిపై తేదీతో ముద్ర, సంతకం తీసుకోండి. వాళ్లు దావాలో పార్టీలు కారు, ఉత్తర్వు నేరుగా వాళ్లను కట్టడి చేయదు. అయితే తెలిసి తెలిసి ఉల్లంఘనకు సాయపడితే వాళ్లూ ధిక్కరణకు జవాబు చెప్పుకోవాలి. లేఖ అందిన బ్యాంకు మామూలుగానే జాగ్రత్త పడుతుంది.

4. ఉల్లంఘనను పట్టుకోవడం

'డబ్బు కాజేస్తున్నాడు' అన్న ఆరోపణను కోర్టు పక్కన పెడుతుంది. తేదీ, చర్య, దాన్ని చూపే కాగితం, ఈ మూడూ కలిస్తేనే ఒక ఉల్లంఘన. మన ఉదాహరణలో ఒక పట్టిక ఇలా తయారవుతుంది. మార్చి 12న ఉత్తర్వు. 14న అతని చేతికి అందింది, అమీను రిపోర్టు ఉంది. 19న ఒక రైతు 140 బస్తాలు దించి అద్దె అడ్వాన్సు కట్టాడు. ఆ రైతు ఫోన్‌లోని యూపీఐ రసీదులో డబ్బు అందుకున్న పేరు సంస్థది కాదు, మేనేజింగ్ పార్ట్‌నర్ కొడుకుది. అదే రోజు గేటు రిజిస్టరులో ఆ లారీ నంబరు ఉంది, కాటా స్లిప్పు ఉంది, సంస్థ లెటర్‌హెడ్ మీద ఇచ్చిన నిల్వ బాండు ఉంది. సంస్థ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో 19న ఆ మొత్తం లేదు. ఇలాంటి నాలుగు ఎంట్రీలు చాలు. నలభై ఆరోపణల కన్నా అవి బలం.

సరుకు లోపలికి వచ్చిన లెక్క ఒకచోట, డబ్బు లోపలికి వచ్చిన లెక్క ఇంకొకచోట ఉంటాయి. రెంటినీ తేదీల వారీగా పక్కపక్కన పెట్టడమే మొత్తం విద్య. గేటు రిజిస్టరును మార్చినవాడు కాటా స్లిప్పు మరిచిపోతాడు. అదీ మారిస్తే ఈ-వే బిల్లో, లోడింగ్ హమాలీలకు ఇచ్చిన కూలీ పుస్తకమో మిగులుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో కొత్త సంస్థ పేరున అదే చిరునామాకు రిజిస్ట్రేషన్ ఉందేమో కూడా చూడండి, ఆ వివరాలు ఎవరైనా వెతుక్కోవచ్చు.

వాట్సాప్ స్క్రీన్‌షాట్లు, సీసీ కెమెరా దృశ్యాలు, యూపీఐ రసీదులు ఎలక్ట్రానిక్ రికార్డులు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం వాటికి ధ్రువపత్రం ఉండాలి. అందులో రెండు భాగాలు: ఒకటి పరికరం ఎవరి అధీనంలో ఉందో వాళ్లు, రెండోది నిపుణుడు నింపాలి. హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తింపు కోడ్) రాయాలి. ఆ రైతు ఫోన్ నుంచి మీ ఫోన్‌కు ఫార్వర్డ్ అయిన బొమ్మ కన్నా ఆయన ఫోన్‌లోని అసలు రసీదు, దానికి ఆయన అఫిడవిట్ మేలు. సీసీ కెమెరా రికార్డర్లు కొన్ని వారాల్లో పాత దృశ్యాలను చెరిపేసుకుంటాయి, ఆలస్యం చేయకండి.

సాక్ష్యం మాయమయ్యే ప్రమాదం ఉంటే ఆర్డర్ 26 రూల్ 9 కింద అడ్వకేట్ కమిషనర్‌ను అడగండి. కమిషనర్ వెళ్లి బస్తాలు లెక్కపెట్టి, గేటు దగ్గర అంటించిన క్యూఆర్ కోడ్ ఫొటో తీసి, రిజిస్టరులో ఆఖరి పేజీ మీద సంతకం చేసి రిపోర్టు ఇస్తే, ఆ తర్వాత పేజీలు మార్చడం కష్టం.

5. రూల్ 2ఏ పిటిషన్ రాయడం

దావాలోనే ఐఏగా (మధ్యంతర దరఖాస్తుగా) వేస్తారు. అఫిడవిట్‌లో ముందు ఉత్తర్వులోని అసలు వాక్యాలను ఉన్నదున్నట్టు ఎత్తి రాయండి. తర్వాత అది తెలిసిన తేదీ, రుజువు. తర్వాత ఒక్కో ఉల్లంఘనకు ఒక్కో పేరా: ఉత్తర్వులోని ఏ షరతు, ఏ తేదీ, ఎవరు, ఏ కాగితం. చివర అది కావాలని చేసిందని ఎలా చెప్పగలరో రాయండి. ఈ ఆఖరి పేరానే చాలామంది వదిలేస్తారు. 2019లో మాంబల్లీస్ బేకరీ కేసులో సుప్రీంకోర్టు, 2ఏ కింద శిక్షకు ఉత్తర్వు పాటించకపోవడం ఒక్కటే చాలదు, అది బుద్ధిపూర్వకం అయివుండాలని చెప్పి శిక్షను కొట్టేసింది. లీగల్ నోటీసు ఇచ్చాక కూడా అదే పని కొనసాగించడం, లెక్కలు అడిగితే కొత్త సాకు చెప్పడం, ఖాతాను కొడుకు పేరున తెరవడం వంటివి ఆ ఉద్దేశాన్ని చూపిస్తాయి.

'సంస్థ' మీద మాత్రమే పిటిషన్ వేయకండి. పని చేసిన మనిషి పేరు, అతని పాత్ర రాయండి. కొడుకు పేరున కొత్త సంస్థ పుట్టుకొస్తే, ఆర్డర్ 1 రూల్ 10 కింద దాన్ని దావాలో ప్రతివాదిగా చేర్పించి, ఇంజంక్షన్‌ను దానికీ విస్తరింపజేయండి. పాత ఉత్తర్వులో లేనివాళ్లను పాత ఉత్తర్వుతో శిక్షించమనడం బలహీనమైన దారి.

అడగాల్సింది జైలు ఒక్కటే కాదు. రూల్ 2ఏ కింద ఆస్తి జప్తు, సివిల్ జైలులో మూడు నెలల వరకు నిర్బంధం ఉన్నాయి. రెండూ కలిపి వేయవచ్చు, జప్తు ముందు జరగాలన్న నియమం లేదని సామీ ఖాన్ కేసులో 1998లో తేలింది. జప్తు ఏడాదికి మించి ఉండదు. అప్పటికీ ఉల్లంఘన కొనసాగితే అమ్మి, వచ్చిన దానిలోంచి నష్టపోయినవారికి పరిహారం ఇప్పించవచ్చు. వీటితోపాటు సీపీసీ సెక్షన్ 151 కింద మళ్లించిన సొమ్మును సంస్థ ఖాతాలో జమ చేయమని, ఆర్డర్ 40 రూల్ 1 కింద రిసీవర్‌ను (కోర్టు తరఫున ఆస్తిని, వ్యాపారాన్ని చూసుకునే వ్యక్తిని) నియమించమని వేర్వేరు ఐఏలు వేయండి. భాగస్తుల తగాదాలో మీకు నిజంగా పనికొచ్చేది రిసీవరే. అవతలివాడు మూడు నెలలు జైల్లో ఉన్నా గేటు దగ్గర అతని మనుషులే ఉంటే డబ్బు ఆగదు. భౌతికంగా అడ్డుకుంటుంటే పోలీస్ ఎయిడ్ పిటిషన్ కూడా వేసుకోవచ్చు.

6. విచారణ

ఇది సగం క్రిమినల్ కేసు లాంటిదని మనసులో పెట్టుకోండి. రూల్ 2ఏ అధికారం శిక్షించే స్వభావం కలదని, సివిల్ ధిక్కరణ అధికారం వంటిదని 2009లో ఎఫ్‌సీఐ (ఫుడ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) వర్సెస్ సుఖ్‌దేవ్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. అఫిడవిట్ల మీదే తేలిపోతుందని ఆశపడకుండా సాక్ష్యం ఇవ్వడానికి సిద్ధంగా ఉండండి. మీరు పీడబ్ల్యూ-1గా (మీ పక్షం మొదటి సాక్షిగా) చీఫ్ అఫిడవిట్, అంటే మీ సాక్ష్యం రాసిన అఫిడవిట్, ఇచ్చి, పత్రాలను ఎగ్జిబిట్లుగా మార్క్ చేయించి, క్రాస్‌కు, అంటే అవతలి వకీలు ప్రశ్నలకు, నిలబడాలి. డబ్బు కట్టిన రైతు సాక్షిగా వస్తే కేసు రూపే మారిపోతుంది. క్రాస్‌లో మీ మీదకు వచ్చే మొదటి ప్రశ్న మీ సొంత ప్రవర్తన గురించే. మీరూ సంస్థ డబ్బు తీసుకున్నారా, మీరూ పోటీ వ్యాపారం పెట్టారా? ఉంటే ముందే అఫిడవిట్‌లో చెప్పేయడం మంచిది.

7. హైకోర్టు ధిక్కరణ కేసు అయితే

ఉల్లంఘన జరిగిన తేదీ నుంచి ఏడాదిలోగా వేయాలి, అది కోర్టు ధిక్కరణ చట్టం సెక్షన్ 20. పిటిషన్ ఆ లోపు దాఖలైతే చాలని పల్లవ్ సేఠ్ కేసు 2001లో తేల్చింది. 'ఇప్పటికీ మెషినరీ తిరిగి రాలేదు, కాబట్టి ఉల్లంఘన కొనసాగుతోంది' అన్న వాదన మీద ఆధారపడకండి. తెలంగాణ హైకోర్టు నుంచి వెళ్లిన ఎస్. తిరుపతిరావు కేసులో 2024లో సుప్రీంకోర్టు, ఒక్కసారి జరిగిన చర్య ఫలితం మిగిలి ఉన్నంత మాత్రాన అది కొనసాగే తప్పు కాదని చెప్పింది. అమ్మిన రోజు నుంచే లెక్క పెట్టుకోండి.

శిక్ష ఆరు నెలల వరకు సాధారణ జైలు, 2 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అదే చట్టం సెక్షన్ 12 వివరణలో 'కంపెనీ' అంటే భాగస్వామ్య సంస్థ కూడా వస్తుంది, 'డైరెక్టర్' అంటే భాగస్తుడు. కాబట్టి వ్యాపారం ఎవరి చేతుల్లో నడుస్తోందో వాళ్లు జవాబుదారీ. తనకు తెలియకుండా జరిగిందని, తగిన జాగ్రత్త తీసుకున్నానని రుజువు చేసుకుంటేనే తప్పించుకోగలరు. ఫారం-1 నోటీసు వస్తే స్వయంగా హాజరు కావాలి. మినహాయింపు కావాలంటే పిటిషన్ వేసుకోవాలి.

శిక్షతో ఆగాల్సిన పని లేదు. బల్వంత్‌భాయ్ భండారీ కేసులో 2023లో, కోర్టుకు హామీ ఇచ్చి కూడా భూమి అమ్మేసినవాళ్ల క్రయ దస్తావేజులు చెల్లవన్న ఉత్తర్వును సుప్రీంకోర్టు సమర్థించింది. ధిక్కరణ కేసులో 'ఆ లావాదేవీని వెనక్కి తిప్పండి' అని స్పష్టంగా ప్రార్థన పెట్టండి.

8. మీ మీదే పిటిషన్ పడితే

ఉత్తర్వు తప్పని అనిపించినా ముందు పాటించండి. కోర్టుకు పరిధి లేదన్న వాదన తర్వాత గెలిచినా, అప్పటిదాకా చేసిన ఉల్లంఘనకు శిక్ష తప్పదని 1997లో తయబ్‌భాయ్ బగసర్‌వాలా కేసు చెబుతోంది. అప్పీలు వేసినంత మాత్రాన ఉత్తర్వు ఆగదు, స్టే ఉండాలి. ఇబ్బందికరమైన షరతు ఉంటే ఆర్డర్ 39 రూల్ 4 కింద మార్పు అడగండి. అర్థం కాని షరతు ఉంటే స్పష్టత కోరుతూ పిటిషన్ వేయండి. ఆ పిటిషన్ మీ సదుద్దేశానికి రుజువుగా కూడా పనికొస్తుంది. పొరపాటు జరిగి ఉంటే వాయిదా నాటికి సొమ్ము వెనక్కి జమ చేసి, చలాన్ జత చేసి, బేషరతుగా క్షమాపణ చెప్పండి. 'ఒకవేళ తప్పు జరిగి ఉంటే క్షమించండి' అన్న రాత క్షమాపణ కింద లెక్కకు రాదు. కౌంటర్‌లో (పిటిషన్‌కు ఇచ్చే జవాబులో) అబద్ధం మాత్రం రాయకండి. అప్పుడు ధిక్కరణకు తోడు, తప్పుడు ప్రమాణం మీద భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) సెక్షన్ 379 కింద విచారణ కూడా మొదలుకావచ్చు.

9. అప్పీలు

రూల్ 2ఏ ఉత్తర్వు మీద ఆర్డర్ 43 రూల్ 1(ఆర్) కింద సీఎంఏ ఉంటుంది, శిక్ష వేసినా నిరాకరించినా. హైకోర్టుకు అయితే గడువు 90 రోజులు, జిల్లా కోర్టుకు 30. కమర్షియల్ కోర్టు ఉత్తర్వుపై 60 రోజులు. హైకోర్టు ధిక్కరణ కేసులో ధిక్కరణ చట్టం సెక్షన్ 19 అప్పీలు శిక్ష పడినవారికే ఉంది. ఏకసభ్య ధర్మాసనం తీర్పుపై డివిజన్ బెంచికి 30 రోజుల్లో, బెంచి తీర్పుపై సుప్రీంకోర్టుకు 60 రోజుల్లో వేయాలి. ధిక్కరణ జరగలేదని హైకోర్టు కొట్టేస్తే ఫిర్యాదుదారుకు సెక్షన్ 19 కింద అప్పీలు లేదు, రాజ్యాంగం 136వ అధికరణం కింద సుప్రీంకోర్టు అనుమతి కోరడమే మిగిలిన దారి.